మండలం డేటాకి పరుగు, రాష్ట్రం డేటాకి నత్తనడక

కొల్లూరు, వేమూరు, రేపల్లె వైపు నుంచి బాపట్లలోనో వడ్లమూడిలోనో బీటెక్ చేసి హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో చేరినవాళ్లకి క్యాష్ మెమరీ తెలియని సంగతేం కాదు. కంప్యూటర్ ఆర్గనైజేషన్ పేపర్లో రాసే ఉంటారు. గేట్‌కి కూర్చున్నవాళ్లయితే సగటు యాక్సెస్ టైమ్ లెక్కలు నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఉద్యోగంలో మాత్రం హిట్ రేషియో ఎంత అని ఎవరూ అడగరు. "టెస్టింగ్‌లో చిటికెలో అయిపోయిన జాబ్ ప్రొడక్షన్‌లో తెల్లారేదాకా ఎందుకు నడుస్తోంది?" అని అడుగుతారు, అదీ పదిమంది ఉన్న కాల్‌లో. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సిన వాళ్ల కోసమే ఈ వ్యాసం.

ముందే ఒక మాట. నెమ్మదిగా నడిచే ప్రోగ్రాముల్లో ఎక్కువ వాటికి జబ్బు క్యాష్‌లో ఉండదు. డేటాబేస్‌లో ఇండెక్స్ వేసి ఉండరు, లూప్ లోపల క్వెరీ పెట్టి ఉంటారు, ఒకే ఫైలు పదిసార్లు చదువుతుంటారు. ఇవి ఉండగా క్యాష్ మిస్‌ల గురించి మాట్లాడితే టీమ్‌లో మీ మాటకి విలువ తగ్గుతుంది. ఇంకోటి, మీటింగ్‌లో ఎవరైనా "క్యాష్ పెడదాం" అంటే వాళ్లు రెడిస్ లాంటి సర్వర్ గురించి అంటున్నారా, ప్రాసెసర్ గురించా అన్నది అక్కడే తేల్చుకోండి. ఫోన్ సెట్టింగ్స్‌లో కనిపించే క్లియర్ క్యాష్ మూడో రకం, దానికీ దీనికీ చుట్టరికం లేదు. ఇక్కడ చెప్పేదంతా ప్రాసెసర్ లోపల ఉండే ఎల్1, ఎల్2, ఎల్3 సంగతే.

ఒక కేసు తీసుకుందాం. 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కొల్లూరు మండలం లంక గ్రామాల్లో అరటి, పసుపు, కంద తోటలు నీళ్లపాలయ్యాయి. అలాంటప్పుడు పంట నష్టం లెక్కలు రోజుల్లో తేలాలి. ఆ పనికి ఒక ప్రోగ్రాము రాశారనుకోండి. ఇది ఏ ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ లోపలి సంగతీ కాదు, వివరించడానికి నేను అనుకుంటున్నది. ఒక్కో రికార్డులో రైతు పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, గ్రామం, బ్యాంకు ఖాతా, ఫోను, పంట కోడ్, విస్తీర్ణం ఉంటాయి. మొత్తం 192 బైట్లు. కొల్లూరు మండలానికి 20 వేల రికార్డులు, రాష్ట్రానికి కోటి. గ్రామం వారీగా ఒక రిపోర్టు, పంట వారీగా ఒకటి, కౌలు రైతులకి విడిగా ఒకటి, ఇలా ఆరు రిపోర్టులు. ఒక్కో రిపోర్టుకి ఒక ఫంక్షన్. ప్రతి ఫంక్షన్ రికార్డులన్నీ మొదటి నుంచి చివరి దాకా చదువుతుంది.

మండలం డేటా 38 లక్షల 40 వేల బైట్లు. మామూలు ల్యాప్‌టాప్ ఎల్3లో కూడా పడుతుంది. మొదటి రిపోర్టు దాన్ని ర్యామ్ నుంచి తెస్తుంది, మిగతా అయిదూ క్యాష్‌లోంచే చదువుకుంటాయి. టెస్ట్ పాస్, అందరూ హ్యాపీ. రాష్ట్రం డేటా 192 కోట్ల బైట్లు. ఏ మామూలు సర్వర్ ఎల్3లోనూ పట్టదు. ఒక రిపోర్టు చివరికి వచ్చేసరికి మొదట్లో చదివిన రికార్డులు క్యాష్‌లోంచి వెళ్లిపోయి ఉంటాయి, రెండో రిపోర్టు మళ్లీ ర్యామ్ నుంచే మొదలుపెట్టాలి. ఆరు రిపోర్టులకి ఆరుసార్లు. డేటా 500 రెట్లు పెరిగితే టైమ్ 500 రెట్లు దగ్గర ఆగకుండా ఇంకా పెరగడానికి కారణం అదే. ఎస్టిమేషన్ అడిగినప్పుడు మండలం టైమ్‌ని 500తో గుణించి మేనేజర్‌కి చెప్పినవాడు ఇక్కడే దొరికిపోతాడు.

తేడా ఎంత అంటే, ఇప్పటి డెస్క్‌టాప్, సర్వర్ ప్రాసెసర్లలో ఎల్1 నుంచి డేటా రావడానికి 4, 5 సైకిల్స్. ఎల్2కి 15 అటూ ఇటూ. ఎల్3కి 40 నుంచి 70 దాకా. ర్యామ్‌కి వెళ్తే 200 పైమాటే. ఇంట్లో డబ్బాలోంచి పప్పు తీసుకోవడానికీ, అదే పప్పు కోసం తెనాలి బస్సెక్కడానికీ ఉన్నంత తేడా. కోర్ ఎంత వేగమైనదైనా ఆ బస్సు తిరిగొచ్చేదాకా పని ఆగాల్సిందే.

ఈ తేడాని మొదట పట్టుకున్నది మనమేం కాదు. కేంబ్రిడ్జ్‌లో మారిస్ విల్క్స్ 1965లోనే ఒక చిన్న పేపర్లో క్యాష్ ఆలోచనని స్లేవ్ మెమరీ అన్న పేరుతో ప్రతిపాదించాడు. ఐబీఎం 1968లో ప్రకటించిన సిస్టమ్/360 మోడల్ 85తో అది మార్కెట్‌కి వచ్చింది. 1989లో ఇంటెల్ 486 చిప్ మీదే 8 కిలోబైట్ల క్యాష్ పెట్టింది. అప్పటి నుంచీ ప్రాసెసర్ వేగం పెరిగినంతగా ర్యామ్ ఆలస్యం తగ్గలేదు. 1995లో వుల్ఫ్, మెకీ ఆ దూరానికే మెమరీ వాల్ అని పేరు పెట్టారు. చరిత్ర ఇంతవరకు చాలు.

పరీక్షల కోసం చదివిన ఫార్ములా ఒకటి మాత్రం ఆఫీసులోనూ పనికొస్తుంది. సగటు యాక్సెస్ టైమ్ అంటే హిట్ టైమ్, దానికి తోడు మిస్ రేటుని మిస్ పెనాల్టీతో గుణించగా వచ్చింది. హిట్ టైమ్ 4 సైకిల్స్, మిస్ రేటు 5 శాతం, పెనాల్టీ 200 అనుకుంటే సగటు 14. మిస్ రేటు 2 శాతానికి దిగితే 8. మూడు పాయింట్లు తగ్గినందుకే సగటు దాదాపు సగమైంది. హిట్ టైమ్ చిప్ తయారుచేసేవాళ్ల చేతిలో ఉంది. పెనాల్టీలో మీ చేతిలో ఉండేది కొంతే. కోడ్ రాసేవాళ్లకి నిజంగా అందేది మిస్ రేటు, అందుకే మిగతా వ్యాసమంతా దాని చుట్టూనే.

ముందు కొలత

ఊహించి కోడ్ మార్చొద్దు. ఈ పనిలో అనుభవం ఉన్నవాళ్ల ఊహలు కూడా సగం తప్పుతాయి. లైనక్స్ మీద పెర్ఫ్ స్టాట్ అనే కమాండ్‌తో సైకిల్స్, ఇన్‌స్ట్రక్షన్లు, క్యాష్ మిస్‌లు చూడండి. సైకిల్‌కి ఇన్‌స్ట్రక్షన్లు ఒకటి కూడా లేకుండా మిస్‌లు ఎక్కువ ఉంటే అనుమానం మెమరీ మీదికి పోవచ్చు. సైకిల్‌కి రెండు, మూడు చొప్పున నడుస్తుంటే మీ జబ్బు వేరే ఉంది, ఈ వ్యాసం పక్కన పెట్టేయండి.

కొత్తవాళ్లు తరచుగా జారిపడే చోటు ఒకటుంది. పెర్ఫ్ చూపించే క్యాష్-మిసెస్ శాతం చాలా ప్రాసెసర్లలో చివరి స్థాయి క్యాష్‌ది. అంటే ఎల్1, ఎల్2 రెండూ దాటి ఎల్3 దాకా వచ్చిన అభ్యర్థనల్లో ఎన్ని తప్పాయన్నది. అక్కడ 60 శాతం కనిపించిందని "మన ప్రోగ్రాములో ప్రతి వంద రీడ్లకి అరవై మిస్" అని స్లైడ్‌లో రాసేశారంటే తెలిసినవాడు ఒక్క ప్రశ్నతో కూలదోస్తాడు. ఎల్1 సంగతి కావాలంటే ఎల్1 డేటా క్యాష్ ఈవెంట్లని విడిగా అడగాలి. శాతం కంటే వెయ్యి ఇన్‌స్ట్రక్షన్లకి ఎన్ని మిస్‌లు అన్న లెక్క నమ్మదగింది.

క్లౌడ్ వర్చువల్ మెషిన్లలో ఈ కౌంటర్లు చాలాసార్లు కనిపించవు. అప్పుడు వాల్‌గ్రైండ్‌లోని క్యాష్‌గ్రైండ్ ఉంది. అది నిజమైన చిప్‌ని కొలవదు, క్యాష్ సిమ్యులేషన్ ఆన్ చేసి నడిపితే ఒక నమూనా క్యాష్‌ని అనుకరిస్తుంది. చాలా నెమ్మది కూడా. కానీ ఏ లైన్ దగ్గర మిస్‌లు గుట్టపడుతున్నాయో చూపిస్తుంది, అంతవరకు వాడుకోండి.

ఊళ్లో కూర్చుని వర్క్ ఫ్రమ్ హోమ్ చేసేవాళ్లకి ఇంకో జాగ్రత్త. కరెంటు పోయి ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదికి మారితే ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది. మే నెల ఎండలో వేడెక్కినా అంతే. మార్పుకి ముందు కొలత చార్జర్ మీద, తర్వాత కొలత బ్యాటరీ మీద తీసి "మార్పు వల్ల స్లో అయింది" అని మంచి మార్పుని వెనక్కి తీసుకునేవాళ్లు ఉంటారు. సెకన్లతో పాటు సైకిల్స్ కూడా రాసుకోండి. ఒకే కొలత చాలాసార్లు తీసి మధ్యలోది తీసుకోండి. మొదటి రన్‌లో డేటా డిస్క్ నుంచి రావడం కూడా కలిసిపోతుంది కాబట్టి దాన్ని వేరుగా చూడండి.

మిస్ ఏ రకందో తేలితే మందు తెలుస్తుంది

1987లో బర్క్‌లీలో మార్క్ హిల్ తన పీహెచ్‌డీలో మిస్‌లని మూడుగా విడగొట్టాడు. మొదటిసారి ముట్టుకోవడం వల్ల తప్పనిసరిగా వచ్చేది, చోటు చాలక వచ్చే కెపాసిటీ మిస్, చోటున్నా ఒకే సెట్ కోసం కొట్టుకోవడం వల్ల వచ్చే కాన్‌ఫ్లిక్ట్ మిస్. వీటిని కలగలిపి "క్యాష్ ప్రాబ్లమ్" అనేస్తే తప్పు మందు పడుతుంది.

మన పంట లెక్కలో ఉన్నది కెపాసిటీ మిస్. మందు కూడా సులువే: రాష్ట్రం మొత్తం మీద ఒక్కో రిపోర్టు నడపడం మానేసి, ఒక మండలం రికార్డులు తీసుకుని ఆరు రిపోర్టుల లెక్కలూ దాని మీద పూర్తిచేసి, తర్వాతి మండలానికి వెళ్లండి. కొల్లూరు అయ్యాక భట్టిప్రోలు. ఫలితాలు అవే వస్తాయి, ర్యామ్ నుంచి డేటా మాత్రం ఆరుసార్లకి బదులు ఒక్కసారే వస్తుంది. పాఠ్యపుస్తకాల్లో బ్లాకింగ్, టైలింగ్ అని చెప్పేది ఇదే. మండలం అన్న హద్దుకి మహత్యం ఏమీ లేదు, ముక్క క్యాష్‌లో పట్టాలి, అంతే. ఎల్3ని మిగతా కోర్లు కూడా పంచుకుంటాయి కాబట్టి ముక్క సైజుని క్యాష్ అంచు దాకా లాగకుండా సగం దగ్గర ఆపండి.

రెండో మార్పు రికార్డు లోపల. ర్యామ్ నుంచి డేటా బైట్ బైట్‌గా రాదు. ఇంటెల్, ఏఎమ్‌డీ చిప్‌లలో 64 బైట్ల లైన్ మొత్తం వస్తుంది. పంట కోడ్ 2 బైట్లు, విస్తీర్ణం 4 బైట్లు. ఈ 6 బైట్ల కోసం తక్కువలో తక్కువ 64 బైట్లు మోసుకొస్తున్నారు, అందులో తండ్రి పేరు, ఖాతా నంబరు వృథాగా వచ్చిపడుతున్నాయి. కోటి రికార్డులకి 64 కోట్ల బైట్ల రవాణా. పంట కోడ్‌లన్నీ ఒక అర్రేలో, విస్తీర్ణాలన్నీ ఇంకో అర్రేలో పెడితే అదే పని 6 కోట్ల బైట్లతో అయిపోతుంది. పైగా వరుసగా చదివేటప్పుడు ప్రాసెసర్‌లోని హార్డ్‌వేర్ ప్రీఫెచర్ ముందున్న లైన్లని తనే తెచ్చిపెడుతుంది. ప్రీఫెచర్ పాత అమరికలోనూ పనిచేస్తుంది, ఎందుకంటే 192 బైట్ల అంగలు అది పసిగట్టగలదు. కానీ చెత్తని ఎంత ముందుగా తెచ్చినా బ్యాండ్‌విడ్త్ ఖర్చవుతూనే ఉంటుంది.

అయితే ప్రతిచోటా ఇలా విడగొట్టకండి. రైతు వచ్చి తన రికార్డు మొత్తం చూపించమంటే పాత అమరికలో మూడు లైన్లతో పని అయిపోతుంది. అర్రేలుగా చీల్చాక ఒక్కో ఫీల్డుకి ఒక్కో లైన్ వెతకాలి. రిపోర్టులకి ఎక్కువగా వాడే నాలుగైదు ఫీల్డులని ఒక చిన్న రికార్డుగా విడదీసి మిగతావి పాత రికార్డులోనే ఉంచడం చాలా ప్రాజెక్టులకి సరిపడే రాజీ. వారంలో అంతా తిరగరాస్తానని మాటివ్వకండి. ఏ ఫీల్డు ఏ ఫంక్షన్ వాడుతోందో ఒక పట్టిక గీసుకుంటే సగం పని తేలిపోతుంది.

జావాలో పనిచేసేవాళ్లు, అంటే హైదరాబాద్‌లో చాలామంది, ఇంకో సంగతి చూడాలి. ఇంటిజర్ ఆబ్జెక్టుల అర్రేలిస్ట్‌లో ఒక్కో సంఖ్యకి మామూలు సెట్టింగ్స్‌లో 4 బైట్ల రిఫరెన్సు, 16 బైట్ల ఆబ్జెక్టు పడుతుంది. ఇంట్ అర్రేలో 4 బైట్లే. బైట్ల కంటే పెద్ద నష్టం, ఆ ఆబ్జెక్టులు హీప్‌లో ఎక్కడెక్కడో పడి ఉండొచ్చు, ఒక్కోదానికి ఒక్కో మిస్. లింక్డ్ లిస్టు ఇంకా దారుణం. తర్వాతి నోడ్ ఎక్కడుందో ఈ నోడ్ వచ్చేదాకా తెలియదు కాబట్టి ప్రీఫెచర్ కూడా చేతులెత్తేస్తుంది. ఇంటర్వ్యూలో లింక్డ్ లిస్టు రివర్స్ చేయడం వచ్చి తీరాలి. ఉద్యోగంలో దాన్ని వాడకుండా గడపగలిగితే మంచిది.

కాన్‌ఫ్లిక్ట్ మిస్ దగ్గర మాత్రం బుర్ర కొంచెం పెట్టాలి. వర్షపాతం గ్రిడ్ ఒకటి ఉందనుకోండి, 4096 వరుసలు, 4096 నిలువులు, ఒక్కో గడి 4 బైట్ల ఇంట్. సీలో ఇది వరుసల వారీగా నిల్వ ఉంటుంది. మీ లూప్ నిలువుగా నడుస్తోంది. ఒక గడి నుంచి కింది గడికి దూరం 16,384 బైట్లు, అంటే 256 లైన్లు. 32 కిలోబైట్ల 8-వే ఎల్1లో, అంటే ఒక్కో సెట్‌లో 8 లైన్లు పట్టేదాంట్లో, 64 సెట్లు ఉంటాయి. 256ని 64తో భాగిస్తే శేషం సున్నా. అంటే ఆ నిలువులోని గడులన్నీ ఒకే సెట్‌లోకి పోతాయి, అక్కడ 8 లైన్లకే చోటు. మిగతా 63 సెట్లు ఖాళీగా ఉన్నా తొమ్మిదో గడి రాగానే ఇంతకు ముందు వచ్చినవాటిలో ఒకటి బయటికి పోవాలి.

ప్రతి వరుస చివర 16 ఇంట్‌లు అదనంగా, అంటే సరిగ్గా ఒక లైన్, ఖాళీగా వదిలితే (ప్యాడింగ్ అంటారు దీన్నే) దూరం 257 లైన్లవుతుంది. 64తో భాగిస్తే శేషం 1. గడులు 64 సెట్లకీ సర్దుకుంటాయి. కానీ అక్కడితో సంబరపడొద్దు. ఎల్1లో మొత్తం 512 లైన్లే పడతాయి, మీ నిలువులో 4096 గడులున్నాయి. కాన్‌ఫ్లిక్ట్ పోయి కెపాసిటీ మిగిలింది. నిజమైన మందు లూప్‌ల క్రమం మార్చి వరుస వెంబడి నడవడం. అది కుదరని చోట, ఉదాహరణకి మ్యాట్రిక్స్‌ని తిరగేసేటప్పుడు, ముక్కలుగా కోసుకుని ప్యాడింగ్ కూడా పెట్టాలి. ముక్కలుగా కోసినా అర్రే సైజుని బట్టి వేగం ఎంత అడ్డదిడ్డంగా మారుతుందో 1991లోనే మోనికా లామ్, రోత్‌బర్గ్, వుల్ఫ్ కలిసి పేపర్లో చూపించారు. 4096కి నెమ్మదిగా, 4100కి వేగంగా నడిచే ప్రోగ్రాము కనిపిస్తే దెయ్యం పట్టిందనుకోకుండా శేషం లెక్క వేయండి. టెస్ట్ డేటాకి ఎప్పుడూ 1024, 2048 లాంటి గుండ్రని సైజులే వాడే అలవాటు కూడా మానుకుంటే మంచిది.

థ్రెడ్లు పెంచితే ఇంకా నెమ్మదించినప్పుడు

సింగిల్ థ్రెడ్ చాలట్లేదని ఎనిమిది థ్రెడ్లు పెట్టారు. ఒక్కో థ్రెడ్ తన మొత్తాన్ని లాంగ్ అర్రేలో తన గడిలో కూడుకుంటోంది. లాక్ అక్కర్లేదు, ఎవరి గడి వాళ్లది, కోడ్ రివ్యూలో ఎవరూ తప్పు పట్టలేదు. రన్ చేస్తే ఒక్క థ్రెడ్ కంటే నెమ్మది. ఎనిమిది లాంగ్‌లు, ఒక్కోటి 8 బైట్లు, కలిపి 64. ఎనిమిది గడులూ ఒకే లైన్‌లో కూర్చున్నాయి. ఒక కోర్ తన గడిలో రాసినప్పుడల్లా మిగతా ఏడు కోర్లలో ఆ లైన్ చెల్లకుండా పోతుంది, వాళ్లు మళ్లీ తెచ్చుకోవాలి. దీన్ని ఫాల్స్ షేరింగ్ అంటారు. పెర్ఫ్‌లో సీ2సీ అనే సబ్‌కమాండ్ దీన్ని పట్టుకోవడానికే ఉంది.

చాలామంది వెంటనే గడుల మధ్య ప్యాడింగ్ పెడతారు. పనిచేస్తుంది, కానీ ముందు సాదా మార్గం చూడండి: ప్రతి థ్రెడ్ లోకల్ వేరియబుల్‌లో కూడుకుని, చివర్లో ఒక్కసారి గడిలో రాస్తే చాలు. జావాలో అందరూ పెంచే కౌంటర్ ఒకటే అయితే అటామిక్‌లాంగ్ బదులు జావా 8లో వచ్చిన లాంగ్‌యాడర్ వాడండి. ప్యాడింగ్ తప్పనప్పుడు లైన్ సైజుని 64 అని గుడ్డిగా రాయకండి. ఆపిల్ ఎమ్ సిరీస్ చిప్‌లలో అది 128 బైట్లు. మీ మ్యాక్‌బుక్ మీద కొలిచింది సర్వర్ మీద అలాగే ఉండకపోవడానికి ఇది కూడా ఒక కారణం.

పెద్ద క్యాష్ ఉన్న మెషిన్ కొనమని అడగడం గురించి. 2022లో ఏఎమ్‌డీ రైజెన్ 7 5800ఎక్స్3డీలో చిప్ మీద చిప్ పేర్చి 96 మెగాబైట్ల ఎల్3 ఇచ్చింది. గేముల్లో బాగా లాభపడింది. అదే సమయంలో దాని క్లాక్, మామూలు 5800ఎక్స్ కంటే తక్కువ. డేటా ఆ 96లో పట్టే పనులకి లాభం, పట్టని వాటికీ, ఎప్పుడో ఎల్2లోనే పట్టేసిన వాటికీ పెద్దగా తేడా ఉండదు. కొనుగోలుకి సిఫార్సు చేసే ముందు మీ వర్కింగ్ సెట్ ఎంతో మెగాబైట్లలో చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ ఈమెయిల్ పంపొద్దు.

కోడ్‌లో చేత్తో ప్రీఫెచ్ ఇన్‌స్ట్రక్షన్లు చల్లడం కూడా అలాంటిదే. హార్డ్‌వేర్ పసిగట్టలేని చోట, హ్యాష్ టేబుల్‌లో రాబోయే కీలు ముందే తెలిసినప్పుడు, పనికొస్తాయి. మామూలు లూప్‌లో పెడితే అదనపు ఇన్‌స్ట్రక్షన్ల బరువే మిగులుతుంది. అవి రాసినవాడు కంపెనీ మారాక తీసేసే ధైర్యం కూడా ఎవరికీ ఉండదు.

ఇక చేసిన పని చెప్పుకోవడం. మన వైపు పిల్లల్లో చాలామంది పని బాగా చేస్తారు, అప్రైజల్‌లో చెప్పుకోవడం దగ్గర వెనకబడతారు. "ఎల్3 మిస్‌లు 70 శాతం తగ్గించాను" అని రాస్తే మేనేజర్ తల ఊపి తర్వాతి పేజీకి వెళ్తాడు. ఏ డేటా సైజు మీద, ఏ మెషిన్ మీద, జాబ్ ఎంతసేపటి నుంచి ఎంతసేపటికి వచ్చిందో, దానివల్ల ఎన్ని సర్వర్లు ఖాళీ అయ్యాయో, ఉదయం రిపోర్టు ఎన్నింటికి అందుతోందో మొదటి రెండు లైన్లలో రాయండి. మిస్‌ల లెక్కలు కింద జోడించండి. అడిగిన ఇంజనీర్ చూసుకుంటాడు. హైదరాబాద్‌లో ఏఎమ్‌డీ, క్వాల్‌కామ్, ఇంటెల్ లాంటి చోట్లకి మారాలనుకుంటే ఆ కింది భాగమే మీ ఇంటర్వ్యూ సరుకు. అక్కడ ఫార్ములా చెప్పిన వెంటనే "మీరు కొలిచిన కేసు ఒకటి చెప్పండి" అని అడగొచ్చు.

చివరిగా, సాధించిన వేగం దానంతట అది నిలవదు. ఆరు నెలల తర్వాత ఎవరో "రిమార్క్స్" అని 100 బైట్ల ఫీల్డు ఒకటి మీరు విడదీసిన ఆ చిన్న రికార్డులోకే చేరుస్తారు. అన్ని టెస్టులూ పాస్ అవుతాయి, ఎందుకంటే అవి ఒక మండలం డేటాతో నడుస్తున్నాయి. అందుకని రాష్ట్రం సైజులో ఒక నకిలీ డేటా తయారుచేసి రాత్రిపూట బిల్డ్‌లో నడిచేలా పెట్టండి. టైమ్ పది శాతం దాటి పెరిగితే బిల్డ్ ఫెయిల్ అవ్వాలి. రికార్డు సైజు ఇంత దాటకూడదని కోడ్‌లోనే స్టాటిక్ అసర్ట్ ఒకటి రాసి, ఎందుకో దాని పక్కనే రెండు లైన్ల కామెంట్ పెట్టండి. కామెంట్‌లో మీ పేరు కాకుండా టీమ్ మెయిలింగ్ లిస్టు పెట్టండి. లేకపోతే మీరు ప్రాజెక్టు మారాక కూడా ఆ ఫోన్లు మీకే వస్తాయి.